గొట్టం కింద కాగితం

జాల్కా తన తుపాకీని విప్పి, కర్ర భాగాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇనుప గొట్టం కూర్చునే గాడిని గరుకు కాగితంతో రుద్దుతోంది. ఫ్యాక్టరీలో ఆ గాడిని మరీ ఇరుకుగా చెక్కారు. వానకు కర్ర ఉబ్బినప్పుడల్లా గొట్టాన్ని పక్కకు నెట్టేది. నిరుడు అలాగే తూటా గుండెకు తగలక దుప్పి పొట్టలో దిగింది. వెతుక్కుంటూ వెళ్తే నెత్తురు చారలు వాగు దగ్గర ఆగిపోయాయి; దుప్పి దొరకలేదు.

"కొత్తది కొనుక్కోరాదూ వదినా? ఇంకాస్త రుద్దితే పళ్లు కుట్టుకునే పుల్ల మిగులుతుంది," అన్నాడు మరిది లోయ్జె.

"నీ పళ్లకే ఇస్తాలే. ముందు గొట్టం బిగించి, కింద సందులో ఓ పల్చటి కాగితం దూర్చి చూడు."

మళ్లీ బిగించిన గొట్టానికీ కర్రకూ మధ్య కాగితం ఎక్కడా తట్టకుండా జారింది. కర్రకు నూనె పట్టించి, ఆరాక, వాన పడుతుండగానే గురి చూసే అట్ట మీద కాల్చింది. మూడు తూటాలూ బొటనవేలు కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

వేటకాలం రాగానే, జోరువానలో, దుప్పి ఒక్క తూటాకే కూలింది. లోయ్జె స్ప్రూస్ చెట్టు రెమ్మ విరిచి, వేటగాళ్ల ఆనవాయితీ ప్రకారం ఆఖరి ముద్దగా దాని నోట్లో పెట్టాడు. ఇంకో రెమ్మను నెత్తుటిలో అద్ది, కొట్టినవాళ్లకిచ్చే గౌరవంగా జాల్కా టోపీకి గుచ్చబోయాడు.

"భేషైన దెబ్బ వదినా! నిరుటి తప్పు కర్రదేనని తేలిపోయిందిగా."

"వానలో ఒక్కసారైనా కాల్చి చూడకుండా తుపాకీని అడవికి మోసుకొచ్చింది కర్రేనా?"

రెమ్మ గుచ్చించుకోవడానికి ఆమె తల వంచలేదు. కొత్త రెమ్మ ఒకటి విరుచుకుని వాగు వైపు నడిచింది. అక్కడ అందుకోవడానికి నోరేదీ లేదు. నిరుడు నెత్తురు చారలు ఆగిన రాతి మీద రెమ్మను పెట్టి, టోపీ తీసి, వానలో నిలబడింది.