పొద్దటి సీసా

లింగవ్వ మతి తప్పి మాట్లాడడం మొదలై నాలుగు రోజులైంది. బతుకుతెరువుకు వచ్చిన పరాయి రాష్ట్రంలో, వడోద్‌లోని ఒంటిగది ఇంట్లో మంచం మీద కూర్చుని, కోడలు పద్మారాణిని "నువ్వెవరి పిల్లవే?" అని అడిగింది. వీధి చివరి డాక్టరు చూసి, ముసలివాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇట్లా అవుతుందని పరీక్షకు రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి పద్మారాణి అత్త మూత్రాన్ని సీసాలో పట్టింది. ల్యాబు తెరిచేది తొమ్మిదింటికి. రింగ్ రోడ్ మార్కెట్లో చీరలు మడతపెట్టే పనికి ఆమె ఎనిమిదింటికే ఆటో ఎక్కాలి. సీసాను సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. మే నెల ఎండలో, రేకుల కప్పు కింద, ఆ సంచి రోజంతా మేకుకు వేలాడింది.

సాయంత్రం ల్యాబులో మనిషి, "కబ్ కా హై?" అని, ఎప్పుడు పట్టిందో అడిగాడు.

పొద్దటిదంటే మళ్లీ తెమ్మంటాడు. ఇంకో పూట సెలవంటే సేఠ్ ఒప్పుకోడు.

"అభీ కా," ఇప్పటిదేనంది పద్మారాణి.

రెండు రోజులకు వచ్చిన రిపోర్టులో క్రిములు లక్షల్లో ఉన్నాయి. భర్త సోమలింగం ఊపిరి పీల్చుకున్నాడు.

"గోలీలేస్తే తక్కువైతది తియ్. నేనేందో అనుకొని బుగులువడ్డ."

ఐదు రోజులు మాత్రలు వేశారు. తగ్గలేదు. డాక్టరు మందు మార్చి ఇంకో వారానికి రాశాడు. ఆ వారం చివర లింగవ్వ కుడిచెయ్యి నీళ్ల గ్లాసు పట్టలేక వదిలేసింది.

పెద్దాసుపత్రిలో తలకు స్కాన్ తీశారు. లోపల నెత్తురు గడ్డకట్టి మెదడును నొక్కుతోంది. నెల కిందట ఆమె మెట్ల మీద జారితే, బొప్పే కదా అని పసుపు పెట్టి ఊరుకున్నారు.

డాక్టరమ్మ పాత రిపోర్టు చూసింది. ఇన్ని రకాల క్రిములు ఒక్కచోట ఎట్లా వచ్చాయని, శాంపిల్ ఎంతసేపు బయట ఉందని హిందీలో అడిగింది. పద్మారాణి తలెత్తకుండా ఉన్నదున్నట్టు చెప్పింది.

"చర్మం మీదివి నాలుగు కలిసినా చాలు, ఆ వేడికి సాయంత్రానికి లక్షలవుతాయి," అంది డాక్టరమ్మ. "వెంటనే ఇవ్వాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి."

వరండాలో సోమలింగం అడిగాడు: "అప్పుడే ఎందుకు చెప్పలె?"

"మల్ల తెమ్మంటడని…"

"ల్యాబోనికి కాదు. నాకెందుకు చెప్పలె?"



ఆపరేషన్ చేశారు. లింగవ్వ బతికింది, మాట మాత్రం తిరిగి రాలేదు. పద్మారాణి మార్కెట్ పని మానేసి అత్తకు ముద్దలు కలిపి తినిపిస్తోంది. సోమలింగం కార్ఖానాకు వెళ్లేముందు తల్లి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంటాడు. భార్యతో అవసరమైనంతే మాట్లాడతాడు.