కొంగల టీముకు కొత్త చొక్కాలు

పరశురాముడు ఇంకో జెర్సీ అంచు తిప్పి, పసుపులో ముంచిన వేలితో లోపలివైపు చిన్న బొట్టు పెట్టి పక్క కుప్పలో వేశాడు. స్టేడియం మెట్ల కింద ఉన్న ఆ ఉతుకుగదికి కిటికీ లేదు. రెండు వాషింగ్ మెషీన్లు, ఒక డ్రయ్యరు, ఒక ఇస్త్రీబల్ల, తిరిగినంతసేపూ కటకటలాడే గోడఫ్యాను, అంతే. మనిషి పొట్టి. మోకాళ్ల నొప్పులు. కింద కూర్చోవాలంటే ముందు బల్ల పట్టుకుని, కాస్త ఆలోచించుకుని మరీ కూర్చోవాలి. ఏళ్ల తరబడి నీళ్లలో నాని వేళ్ల చివరలు తెల్లగా పాలిపోయి, ముడతలు పడిపోయాయి.

కొత్త బట్ట ఒంటిమీద వేసుకునే ముందు ఓ మూల పసుపు పెట్టాలి. మలేసియాలోని పెరాక్‌లో కొబ్బరితోట కూలీల లైన్ ఇళ్లలో పెరుగుతున్నప్పుడు వాళ్లమ్మ అలవాటు చేసిన పద్ధతి అది. సింగపూరొచ్చి తల నెరిసిపోయినా, ఆంగ్ మో కియో బజారులో కొన్న తువ్వాలును కూడా ఆయన బొట్టు పెట్టకుండా భుజాన వేసుకోలేదు. క్లబ్బు చొక్కాలకు మాత్రం ఎన్నడూ పెట్టలేదు. ఎవరి సొమ్మో అది, మనకెందుకని ఊరుకునేవాడు. ఇవాళ పెట్టాడు. ఇవాళ సీజన్‌లో ఆఖరి మ్యాచ్. ఆయన ఉద్యోగానికీ ఇదే ఆఖరి రోజు. టీము చూస్తే ఈ సీజనంతా ఒక్కటంటే ఒక్క ఆట గెలవలేదు. "కప్పులొద్దు స్వామీ, ఒక్క గెలుపు చూపించు, చూసి పోతాను" అని పొద్దున దీపం ముందు అడిగి మరీ వచ్చాడు.

ఆ ఫుట్‌బాల్ క్లబ్బు పేరు వైట్ ఎగ్రెట్స్. పరశురాముడి నోట మాత్రం అది ఎప్పుడూ కొంగల టీమే. కిందటేడు యాజమాన్యం మారింది. పేరున్న ఆటగాళ్లను అమ్మేశారు, విదేశాల వాళ్లను సాగనంపారు, మీసమైనా సరిగా మొలవని కుర్రాళ్లను మైదానంలోకి దించారు. ఇదేమిటయ్యా అంటే రీబిల్డింగ్ అన్నారు. ఇల్లు పడగొట్టి కట్టడం బాగానే ఉంటుంది, కట్టేదాకా వానలో తడిసేవాళ్లని అడగాలి! తడిసింది ఆ కుర్రాళ్లే. వారం వారం ఓడి, తలలు వేలాడేసుకుని, బురద చొక్కాలు ఆయన బుట్టలో పడేసి పోయేవాళ్లు. ఆ రీబిల్డింగ్‌లోనే ఉతుకుపని కూడా బయటి కంపెనీకి పోయింది. అబద్ధమెందుకు, ఆ మాట విన్నాక పరశురాముడికి రెండు రోజులు అన్నం సహించలేదు.

"సాల్లేవయ్యా! ఊళ్లోవాళ్ల సెమట ఉతికింది సాలదా? ఇంట్లో నా సీరలున్నాయి, వొచ్చి అయి ఉతుకు" అంది భార్య గౌరమ్మ. ఆవిడ ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

బొట్లు పెట్టడం అయ్యాక చొక్కాల వాసన చూశాడు. ఘాటుగా రంగు వాసన. కుర్రాళ్ల మెడలకు దురద పుడుతుందని, ఒక్కసారి నీళ్లు చూపిద్దామనుకున్నాడు. రోజూ వాడే ద్రవం సబ్బు డబ్బా బోర్లించినా చుక్క రాలలేదు. మూల పడి ఉన్న పాత సబ్బుపొడి ఓ గుప్పెడు వేసి మెషీన్ తిప్పాడు.

మూత తీశాడు. తెల్లటి చొక్కాల అంచుల మీద కుంకుమ రంగు మరకలు, ఒక్కోటి ఒక్కో నాణెమంత!

"అలామక్! ఐయో, సచ్చాన్రా దేవుడా!"

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని, పారాణి అలాగే చేస్తారని పసిపిల్లనడిగినా చెబుతుంది. సబ్బుపొడి కూడా అదే పని చేస్తుందని ఇంట్లో తువ్వాళ్ల మీద ఎన్నిసార్లు చూడలేదూ! ఆఖరి రోజు కంగారులో ఆ సంగతే తట్టలేదు. పాత జెర్సీలు తీసుకుందామా అంటే వాటిని నిన్ననే బడిపిల్లలకు పంచేశారు. మంచి జరగాలని పెట్టిన పసుపు నలుగురిలో కుర్రాళ్ల పరువు తీసేలా ఉంది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

పసుపు మరకకు ఎండ మందు. చొక్కాలన్నీ మోసుకెళ్లి గ్యాలరీ కమ్మీల మీద ఆరేశాడు. ఎండ బాగానే ఉంది, మరకలు కొంచెం వెలిసినట్టే అనిపించాయి కూడా. అంతలో ఎక్కడినుంచి వచ్చిందో మబ్బు, పెళపెళమని ఉరిమి కుండపోత మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మోకాళ్లను తిట్టుకుంటూ, చొక్కాలు ఏరుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి గది గుమ్మంలో మేనేజర్ శ్రీనాథ్ నిలబడి ఉన్నాడు. అనకాపల్లి కుర్రాడు. బ్యాంకు ఉద్యోగం మానేసి ఈ ఓడిపోయే టీమును నెత్తికెత్తుకున్నాడు.

"అంకుల్! ఏంటిది? బ్లడ్డా?"

"పసుపు నాయనా. కొత్తబట్టలు గదా అని నేనే పెట్టాను. సబ్బుపొడి పడి ఎర్రబడ్డాయి. తప్పు నాదే."

శ్రీనాథ్ ఒక చొక్కా అంచు పట్టుకుని చూశాడు.

"స్పాన్సర్ వాళ్లు ఫొటోలకి వస్తారంకుల్. నన్ను చంపేస్తారు" అన్నాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు. "రాఫెల్స్ ప్లేస్‌లో నా ఫస్ట్ బ్యాంకు ఇంటర్వ్యూకి మా అమ్మ కూడా పెట్టింది. సరిగ్గా కాలర్ మీద! చెమటకి మెడంతా పచ్చగా అయిపోయింది. సరే, ఇప్పుడేం చేద్దాం చెప్పండి."

"నిమ్మరసం పడితే ఎరుపు పోయి మళ్లీ పసుపొస్తది. పసుపైతే అంత కొట్టొచ్చినట్టు కనపడదు."

శ్రీనాథ్ వానలోనే పక్కనున్న తిండికొట్ల హాకర్ సెంటర్‌కి పరిగెత్తి, సంచినిండా చిన్న నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పిండారు, రుద్దారు, నీళ్లలో జాడించారు. ఎరుపు పోయింది. లేత పసుపు మాత్రం నేను పోనంటే పోనని మొండికేసింది. వాన వెలిసింది. డ్రయ్యర్లో ఆరబెట్టాక, "చొక్కాలు నిక్కర్లోకి దోపుకోమని చెబుతా" అని శ్రీనాథ్ తేల్చేశాడు.

డ్రెస్సింగ్ రూములో కుర్రాళ్లు చొక్కాలు అందుకుని అంచులు తిప్పి చూసుకున్నారు. పరశురాముడు తలుపు దగ్గర నిలబడి, వచ్చిన మలయ్‌లో, రాని ఇంగ్లీషులో సంగతంతా చెప్పాడు. మా వాళ్ల పద్ధతి, మంచి జరగాలని పెట్టాను, పాడుచేశాను, సారీ అన్నాడు.

కెప్టెన్ హఫీజ్ తన చొక్కా ముందుకీ వెనక్కీ తిప్పాడు. దాని అంచు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఆ ఒక్క చొక్కా వేరే పొట్లంలో మధ్యాహ్నం వచ్చింది.

"అంకుల్, మైన్ డోంట్ హావ్. వై లైక్ దట్?"

"యువర్ షర్ట్ కమ్ లేట్, బాయ్. గుడ్ వన్, క్లీన్."

"కెన్నాట్ లా! ఎవ్రీబడీ గాట్, మీ ఆల్సో వాంట్."

గదంతా గొల్లున నవ్వింది. ఈ సీజన్‌లో ఆ గదిలో నవ్వు వినడం పరశురాముడికి అదే మొదలు. పసుపు పొట్లం తెచ్చి, తడివేలు అందులో అద్ది, ఆ చొక్కా అంచుకు బొట్టు పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగితే నిమ్మకాయల మంట అనుకున్నాడు. నిమ్మకాయలూ కాదు, ఏమీ కాదు, ఆయనకు ఆ పిల్లల మీద ప్రాణం.

పరశురాముడు మ్యాచ్‌లు చూసే రకం కాదు. గదిలో కూర్చుని అరుపులను బట్టి అర్థం చేసుకునేవాడు. ఇవాళ మాత్రం ఆటగాళ్లు మైదానంలోకి వెళ్లే దారిలో గోడకానుకుని నిలబడ్డాడు. గ్యాలరీలో పట్టుమని ఒక మూల నిండేంత జనం కూడా లేరు. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోలు లేదు. అప్పుడొచ్చింది గౌరమ్మ, చేతిలో స్టీలు క్యారేజీతో. ఇన్నేళ్లలో ఆవిడ ఈ స్టేడియం గడప తొక్కలేదు.

"నువ్వేంటే ఇక్కడ?"

"గారెలు తెచ్చాను. ఓడినా ఆకలేస్తది గదా పిల్లలకి."

"ఓడినా అనకే తల్లీ, నీకు దండం పెడతా!"

సాయంత్రం లైట్లు వెలిగాయి. ఆట ఆఖరికొచ్చింది. కొంగలకు దొరికిన కార్నర్ నుంచి వచ్చిన బంతి ఎవరి తలకో తగిలి, ఎవరి భుజానికో తగిలి, చివరికి ఒక డిఫెండరు మోకాలికి కొట్టుకుని గోల్లోకి దొర్లింది. అంత అందవికారమైన గోలు ఆ మైదానం చూసి ఉండదు. గోలు గోలే! తర్వాత విజిలు ఊదేదాకా పరశురాముడు కళ్లు మూసుకుని గౌరమ్మ ముంజెయ్యి పట్టుకునే ఉన్నాడు. విజిలు వినపడింది. ఆమె చెయ్యి వదిలించుకుని, "గెలిచారయ్యా, ఇంక కళ్లు తెరువు" అంది. ఆయన పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

గెలిచినవాళ్లు అరిచారు, నీళ్లు చల్లుకున్నారు, గారెలు క్షణంలో ఊదేశారు. పరశురాముడు గది తాళంచెవి శ్రీనాథ్ చేతిలో పెట్టాడు. "ఫేర్‌వెల్ లేకుండా ఎలా అంకుల్?" అని అతను నొచ్చుకుంటే, "అయింది గదా నాయనా ఇప్పుడే" అన్నాడు. హఫీజ్ క్యారేజీ గిన్నెలు కడిగి పట్టుకొచ్చి అందించబోయాడు. గౌరమ్మ భర్త చెయ్యి వెనక్కి లాగింది.

"ఉండనీ. వొట్టి గిన్నెలు మోసుకుపోతామా? గెలిచినప్పుడు నింపుకుని ఇంటికి తెమ్మను."

ఆయన ఆ మాట తన ఇంగ్లీషులో అప్పజెప్పాడు. "నో బ్రింగ్ ఎమ్టీ. నెక్స్ట్ సీజన్ విన్, దెన్ కమ్ మై హౌస్, మకాన్, ఈట్."

హఫీజ్ ఆ గిన్నెలను, ఆయన్ను మార్చి మార్చి చూశాడు. "ఓకే అంకుల్. ప్రామిస్."

భార్యాభర్తలిద్దరూ మెల్లగా ట్రైను స్టేషన్ వైపు నడిచారు. మోకాళ్ల నొప్పి వల్ల ఆయన రెండడుగులు వెనకబడితే ఆవిడ ఆగింది. కుర్రాళ్లు స్నానాలు చేసి, పాడుకుంటూ, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. డ్రెస్సింగ్ రూములో కెప్టెన్ కూర్చునే బల్ల మీద, పరిచిన తువ్వాలు మీద, మూడు గిన్నెల స్టీలు క్యారేజీ బోర్లించి ఉంది, ఇంకా తడి ఆరలేదు.