తీగల మురికి

చేతిలో పని లేకపోతే అయోనాకు పిచ్చెక్కుతుంది. మొగుడు పోయిన రోజు నుంచీ ఆమె కుదురుగా కూర్చున్నది లేదు. చచ్చినవాడి వస్తువులన్నీ శుభ్రం చెయ్యాలి, గదిలో మంచం దిక్కు మార్చాలి, లేకపోతే ఆ ఆత్మ ఇల్లు గుర్తుపట్టి మళ్లీ వచ్చేస్తుందని కింగ్‌స్టన్‌లో ముసలమ్మలందరికీ తెలుసు. అయోనా తన మొగుడు లాసెల్స్ సూటు ఉతికింది, బూట్లకు పాలిష్ పెట్టింది, టోపీలు ఎండలో వేసింది. శవాన్ని నిమ్మకాయతో, తెల్ల రమ్ముతో కడిగిందీ తనే. ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. సీసాలో సగం రమ్ము మిగిలింది. ఆ సగంతో, ఆయన బ్యాండులో వాయించే బేస్ గిటార్ తుడిచింది.

నలభై నాలుగేళ్ల కాపురంలో ఆమె ఆ గిటార్ జోలికి పోలేదు. ఆయన పోనివ్వలేదు. అన్నం పెట్టకపోయినా పల్లెత్తు మాట అనని మనిషి, దాని దగ్గరికి ఎవరైనా గుడ్డ పట్టుకుని వెళ్తే మాత్రం కయ్యిమనేవాడు. లావుపాటి తీగలు నాలుగు. ఇరవై రెండేళ్లుగా మార్చలేదు. నల్లగా, జిడ్డోడుతూ ఉండేవి. తీగల చివర, రేకు మూత కింద, ఎప్పుడో గిన్నెలు తోమే స్పాంజి నుంచి కోసిన ముక్క ఒకటి కుక్కి ఉండేది. అది ముక్కిపోయి కంపు కొడుతోంది. అయోనా దాన్ని చెత్తలో పారేసింది. ఒక్కో తీగనూ నిమ్మచెక్కతో రుద్ది, రమ్ములో ముంచిన గుడ్డతో ఆ చివర నుంచి ఈ చివరకు లాగింది. గుడ్డ మసిబొగ్గయింది. తీగలు తళతళలాడాయి.

"ఇప్పుడు పెళ్లికొడుకులా ఉన్నావు," అని గిటార్‌తోనే చెప్పింది.

శనివారం చర్చిలో ప్రార్థన, ఆ తర్వాత ఖననం. ప్రార్థనలో ఆ గిటార్ మీద ఒక్క పాట వాయించమని క్లోవిస్‌ను అడిగింది. క్లోవిస్ లాసెల్స్ శిష్యుడు, యాభై దాటినవాడు, గురువు వేలు ఎక్కడ పెడితే తన వేలు అక్కడ పెట్టడం నేర్చినవాడు. అయోనాకు ఉన్న కోరిక అదొక్కటే. ఆయన్ను మట్టిలో పెట్టేలోపు ఆ మోత ఒక్కసారి వినాలి. రికార్డులున్నాయి కదా అన్నారు చుట్టుపక్కల వాళ్లు. రికార్డుల్లో ఉన్నది పదిమందిలో లాసెల్స్. ఆమెకు కావలసింది పొద్దున్నే వంటింటి గోడ అవతల నుంచి వచ్చే లాసెల్స్. ఆ మోత ఆమె చెవికంటే ముందు అరలోని పళ్లేలకు అందేది, తర్వాత నేల మీదుగా ఆమె అరికాళ్లకు. నోట్లో మాట తక్కువ మనిషి. కోపంగా ఉన్నాడో, ఆకలితో ఉన్నాడో ఆమె ఆ మోతను బట్టే తెలుసుకునేది.

శుక్రవారం మధ్యాహ్నం క్లోవిస్ వచ్చాడు. పక్కింటి బర్డీ వేయించిన చేపలు, బ్రెడ్డు పట్టుకొచ్చి, పెట్టి వెళ్లిపోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. క్లోవిస్ గిటార్ మెళ్లో వేసుకుని, యాంప్ పెట్టెకు వైరు తగిలించి, బొటనవేలితో లావు తీగను నొక్కి వదిలాడు.

ణంగ్‌మంది. అని ఊరుకోలేదు, మోగుతూనే ఉంది.

"ఏంట్రా అది?" అంది అయోనా. "డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు. తాగొచ్చావా?"

"లేదొదినా. ఆగు." టోన్ మీటను పూర్తిగా తగ్గించాడు. చేతిని గిటార్ మెడ దగ్గరికి జరిపి, వేలి కొస కాకుండా మెత్తటి కండతో తీగను తోశాడు. ఈసారి కాస్త తగ్గింది, అంతే. అతను వంగి తీగల్ని చూశాడు. వాసన చూశాడు.

"వదినా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరు ముట్టుకుంటారు, నేనే. ఎంత మురికి పట్టిందనుకున్నావు! మీ గురువుకి రోజూ స్నానమేగానీ దీనికి లేదు."

క్లోవిస్ రేకు మూత ఎత్తి కింద వేలు పెట్టి వెతికాడు.

"ఏమైందో చెప్పి చావరాదూ!"

"స్పాంజి ముక్క ఉండాలి, ఇక్కడ."

"పారేశాను. కంపు."

"పోనీలే, స్పాంజికేం, ఇంకోటి పెడతా." అతను గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టాడు. "కానీ వదినా... ఆ మురికే ఆయన మోత."

అయోనాకు అర్థం కాలేదు.

"కొత్త తీగ గంటలా మోగుతుంది. ఆయనకి మోగకూడదు. గుమ్మని పడాలి, పడ్డచోటే ఆగిపోవాలి. దానికి తీగ మొద్దుబారాలి. చెమట, చర్మం, చేపలు తిన్న చేతి నూనె, అన్నీ పేరుకుని పేరుకుని అలా అయింది. ఎవర్నీ ఎందుకు ముట్టుకోనివ్వలేదు అనుకున్నావు?"

"నాకు చెప్పలేదే!"

"నువ్వు ముట్టుకుంటావని ఆయన అనుకుని ఉండడు."

మగవాళ్లింతే. చెప్పవలసిన ఒక్క ముక్కా కడుపులో పెట్టుకుని పోతారు.

బర్డీ చేపముల్లు తీసి పక్కన పెట్టి, "పోన్లే అయోనా, మంచికే అయింది," అంది. "ఆయనది ఏదీ ఇంట్లో మిగలకూడదు. మిగిలిందా, మళ్లీ వస్తాడు."

"నోర్ముయ్ బర్డీ. రేపటి పాటతో ఆయన్ను రమ్మనే పిలిచాను."

బర్డీ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మళ్లీ అలా అవుతుందా?" అని క్లోవిస్‌ను అడిగింది అయోనా.

"అవుతుంది. రోజూ వాయిస్తే. నేను వాయిస్తాను వదినా, ఒట్టు."

"ఎన్నాళ్లకి?"

అతను చేపల పళ్లెం వైపు చూశాడు. "ఇరవై ఏళ్లు పడుతుందేమో."

అయోనాకు డెబ్భై ఒకటి. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "అయినా అది నీ చెమట అవుతుందిరా. ఆయనది అవదు."

అప్పుడు ఆమెకు గుడ్డ గుర్తొచ్చింది. ఆ నల్లదనమంతా గుడ్డకు అంటుకుంది కదా. దాంతో ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు, ఎవరికీ తెలియదు, అయినా పెరట్లోకి పరిగెత్తినంత పని చేసింది. గుడ్డ దండెం మీద ఉంది. నిన్న సాయంత్రమే సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. మల్లెపువ్వులా ఉంది. మొగుడు పోయిన రోజు కూడా అందరికీ కాఫీ కాచి ఇచ్చిన మనిషి, ఆ గుడ్డ పట్టుకుని దండెం కిందే కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆయన్ను జబ్బు తీసుకుపోయింది, సరే. మిగిలిన కాస్తనూ ఆమె చేతులారా కడిగేసుకుంది.

శనివారం చర్చిలో నిలబడడానికి చోటు లేదు. క్లోవిస్ కొత్త స్పాంజి కోసి పెట్టాడు, తీగల కింద చేతిరుమాలు దూర్చాడు, టోన్ అంతా చంపేశాడు, అరచేతి అంచు తీగలకు ఆనించి బొటనవేలితో వాయించాడు. మనిషి చెయ్యగలిగిందంతా చేశాడు. మోత గుమ్మని పడింది, పడ్డచోటే ఆగింది. వెనక బల్లల్లో ఎవరో "అదిగో లాసెల్స్!" అని అరిచారు. లాసెల్స్‌తో ముప్ఫై ఏళ్లు డ్రమ్స్ వాయించిన ఎనాక్ మొహం కప్పుకుని ఏడ్చాడు. చర్చి అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

అయోనా మొదటి బల్లలో కూర్చుని, అరికాళ్లు నేలకు ఆనించి విన్నది. చాలా బాగా వాయించాడు క్లోవిస్. కానీ అది క్లోవిస్ మోత.

పాట అయ్యాక జనం వరుస కట్టి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ముందు ఎనాక్ వచ్చాడు, చెంపలు తడిగా. "విన్నావా అయోనా? అచ్చం వాడే. దిగొచ్చి వాయించి వెళ్లాడు."

వేదిక మీద యాంప్ వైరు చుడుతున్న క్లోవిస్ చెయ్యి ఆగింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు.

"విన్నాను," అంది అయోనా.

వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు. అందరూ అదే అడిగారు. ఆమె అందరికీ విన్నానని చెప్పింది.