ఎర్ర టబ్బులో నీళ్లు

కుండీలోంచి తెల్లటి పురుగొకటి పాకి మాధవీలత బొటనవేలి మీదికెక్కింది.

చెయ్యి విదిలించి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అయినా కంపు ఆగలేదు. చచ్చిన ఎలుకని బురదలో నానబెట్టినట్టుంది. కొబ్బరిపీచు నల్లగా జారిపోతోంది. పుల్లతో కదిపితే లోపల పురుగులు లుకలుకలాడాయి. ఆర్కిడ్ మొదలు పట్టుకుంటే చీమిడిలా చేతికి అంటుకుంది.

గంట పదయింది. పదకొండున్నర బస్సుకి లింగసుగూరు నుంచి సుమంగళ టీచర్ వస్తుంది. రెండేళ్ల కిందట ఈ క్యాంపు ఊరి బడి నుంచి బదిలీ అయి వెళ్తూ ఆవిడే ఈ మొక్కని అప్పగించింది. "కొత్త ఇంట్ల నీడ లేదు. నువ్వే పెంచు. పిల్ల పెడితే మొదటిది నాకియ్యాలె" అని మాట తీసుకుంది.

వరి తప్ప మరొకటి తెలియని ఇంట్లో, మట్టిలో పెట్టకూడని మొక్కని మాధవీలత తిప్పలుపడి పెంచింది. ఈ వేసవిలోనే కాడ పైకణుపు దగ్గర పిల్ల మొలిచి మూడు వేర్లు దించింది. ఇప్పుడు కుళ్లు కాడ వెంట ఆ పిల్ల దాకా పాకుతోంది.

పుల్ల చివర ఏదో తళుక్కుమంది. చేప పొలుసు.

"అత్తయ్యా! చేపలు కడిగిన నీళ్లు దీంట్లో పోశారా?"

హనుమాయమ్మ గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకుంది. "నేనా? ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకే. మా అమ్మ కాలం నుంచీ అదే అలవాటు. నీ గడ్డిపరకకి పోసి నేనేం బావుకుంటా?"

భర్త హరిబాబు పార పట్టుకుని వచ్చాడు. "ఛీ ఛీ, కంపు ఇదా! బాత్రూం గొట్టం పగిలిందనుకుని రెండ్రోజులుగా తవ్వుతున్నా గదే! జలుబు తగ్గి నీ ముక్కు ఇవాళ తెరుచుకుంది. మేం మంగళవారం నుంచీ చస్తున్నాం."

ఇక మిగిలింది గిన్నెలు తోమే పంపమ్మ.

"ఆదివారం చేపలు కడిగింది నువ్వే. ఆ నీళ్లు ఎక్కడ పారబోశావ్?"

"నేనెందుకు పారబోస్తనమ్మా? పెద్దమ్మ కరివేపాకుకు పోసుకుంటదని ఎర్ర టబ్బుల ఉంచిన." పంపమ్మ చూపు గిన్నెల వైపు తిప్పుకుంది. "ఇంక నన్నడగకుండ్రి. పని పోతది."

"చెప్పకపోతే ఇప్పుడే పోతుంది!"

"గట్లయితే మీరే చెప్పుండ్రి. రోజూ ఆ టబ్బుల ఏముంటయ్?"

మాధవీలత గోడవార ఉన్న ఎర్ర టబ్బు వైపు తిరిగింది.

రోజూ ఉండేవి బియ్యం కడిగిన నీళ్లు, గేదె కుడితికి. వారానికోసారి వాటిలో కుండీని ముంచితే మొక్కకి బలమని ఫోన్లో చూసి, ప్రతి ఆదివారం ముంచుతోంది. మొన్న ఆదివారమూ ముంచింది. ముక్కులు మూసుకుపోయి ఉన్నాయి. నీళ్లు ఎప్పట్లాగే మసక తెల్లగా ఉన్నాయి. పావుగంట నానబెట్టింది. పైగా దోసిళ్లతో తోడి మొక్క నెత్తిన పోసింది. ఆ చేతులతోనే ముఖం తుడుచుకుంది.

పెరటి గోడ దగ్గరికి పరుగెత్తి కక్కేసింది.

నోరు కడుక్కుని బ్లేడు పొయ్యి మంటలో కాల్చింది. కుళ్లుకి పైన కాడ కోసింది. లోపల గోధుమరంగు చుక్క. బ్లేడు మళ్లీ కాల్చి ఇంకొంచెం పైకి కోసింది. మళ్లీ చుక్కే. మూడోసారి కోస్తే కాడ శుభ్రంగా పచ్చగా ఉంది. పిల్ల వేర్లలో ఒకటి మెత్తబడింది. దాన్ని తీసేసి, మళ్లీ కుళ్లకుండా గాయాలకి దాల్చినచెక్క పొడి అద్దింది. మిగిలిన రెండు వేర్లూ గట్టిగానే ఉన్నాయి.

చేతులకి మూడుసార్లు సబ్బు రాసింది. కంపు పోలేదు.

గేటు చప్పుడైంది. సుమంగళ టీచర్ లోపలికొస్తూనే ముక్కుకి రుమాలు పెట్టుకుంది. కుండీ చూసి నిలబడిపోయింది.

"అయ్యో! తల్లిమొక్కను గిట్ల ఎవరు చేసిన్రు?"

హరిబాబు అమ్మ వైపు చూశాడు. హనుమాయమ్మ పంపమ్మ వైపు చూసింది. పంపమ్మ తల వంచుకుంది. ఆ వంచిన తల మీదికి నెట్టేస్తే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది మాధవీలతకి. ఆ ఆలోచన పురుగు కన్నా అసహ్యంగా ఉంది.

కోసి ఉంచిన ఆర్కిడ్ పిల్లని తెచ్చి టీచర్ అరచేతిలో పెట్టింది.

"చేపల నీళ్లలో నా చేతులతోనే ముంచా టీచర్. దాన్ని చంపింది ఈ మాధవీలతే."