చక్కెర డబ్బాలో దాచిన చీటీ

దగ్గరకు జరగండమ్మా, ఆ తలుపు వేసి వచ్చి కూర్చోండి. పేగుల సంగతి చెప్పబోతున్నాను. ముక్కు మూసుకునేవాళ్లు ఉంటే ఇప్పుడే లేచి వెళ్లండి. ఈ స్ఫాక్స్ ఊళ్లో నోరు విప్పితే పరువు పోతుందని ప్రాణం పోగొట్టుకునే ఘనులకు కొదవ లేదు. దలెండ ఇల్లు అలాంటి ఘనులతోనే కిటకిటలాడేది.

దలెండకు అరవై మూడేళ్లు. కోటగోడ పక్క సందులో కాపురం. నలభై ఏళ్లుగా ఊళ్లో బాలింతలందరికీ గింజలు వేయించి, బ్సీసా పిండి విసిరి, ఆలివ్ నూనెతో కలిపి ఇచ్చిన మనిషి. అలాంటి మనిషికి పెద్దపేగులో గడ్డ పుట్టింది. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, జానెడు పేగు కోసి తీసేసి, కొసలు రెండూ కలిపి కుట్టారు. ఆ తరువాత మూడు నెలలు నరంలోకి మందు ఎక్కించారు. ఇంత జరిగినా ఇంట్లోవాళ్లు ఆమెకు చెప్పిన మాట ఒక్కటే: “పేగుకు కాస్త వాపు.”

ఏం తెలివి! వాపు తగ్గే మందుకు చన్నీళ్లు తాకగానే వేళ్లలో సూదులు గుచ్చుకుంటాయా? దలెండకు మొదటిరోజే తెలుసు. ఆసుపత్రిలో పేరు రాసుకునే గుమాస్తా ఏ వార్డుకు పోవాలో నలుగురికీ వినపడేలా అరిచాడు మరి. అయినా ఆమె పైకి అనలేదు. కొడుకు రవూఫ్ అంత కష్టపడి దాస్తున్నాడు కదా, దాచుకోనీ అనుకుంది. తప్పంటే అదే ఆమె చేసిన తప్పు.

ఇక ఆడబిడ్డ హాజా షెద్లియా. మక్కా వెళ్లి వచ్చిన దగ్గరనుంచి సందు మొత్తానికీ తనే పెద్ద దిక్కు అనుకుంటుంది. ఆవిడ వచ్చి దలెండ మంచం కాళ్ల దగ్గర పాతుకుపోయింది. రోగి కాలు నేల మీద పెడితే ఇంటికి అప్రతిష్ఠట! చూడవచ్చినవాళ్లు పెరుగు డబ్బాలూ అరటిపళ్లూ మోసుకొచ్చేవారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు నిట్టూర్చి, కాఫీ తాగి, పళ్లు తామే తిని పోయేవారు. దలెండ గిన్నె అందుకోబోతే షెద్లియా కేకలు.

“పడుకోవే మరదలా! నువ్వు లేస్తే నీ కోడలు మంచిది కాదని ఊరు అనుకోదూ?”

“ఊరు కాఫీ తాగుతోంది వదినా. దానికి అనుకునే తీరిక ఎక్కడిది?”

మందు ఎక్కించడం అయ్యాక అలా రెండు నెలలు గడిచాయి. తొడల్లో సత్తువ కరిగిపోయింది. మెట్టు ఎక్కితే ఆయాసం. ఈ నీరసం జబ్బు మళ్లీ తిరగబెట్టినందుకేమోనని దలెండ లోలోపల వణికిపోయేది. చిన్న మనవరాలు బడికి వెళ్లేదాకానైనా ఉండాలని ఆమె కోరిక.

పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టర్ ఎమ్నా కాగితాలు చూసి అడిగింది. “వారానికి ఎన్నిసార్లు నడుస్తున్నారు పిన్నీ?”

“నడకా? నన్ను స్నానానికి కూడా ఎత్తుకుపోతారు తల్లీ.”

డాక్టరమ్మ మొహం మారింది. “ఆఖరి మందు ఎక్కించిన రోజున మీ అబ్బాయి చేతికి చీటీ ఇచ్చానే!”

రవూఫ్ డాక్టరు వైపు కళ్లు చికిలించి, కనుబొమలు ఎగరేసి సైగలు మొదలుపెట్టాడు. నలభై ఏళ్ల మగవాడు, రెండు లారీల యజమాని, కంట్లో నలుసు పడ్డ మేకలా ఉన్నాడు.

“ఏదిరా ఆ చీటీ?” అంది దలెండ.

“చక్కెర డబ్బా అడుగున పెట్టానమ్మా. పైన... పైన ఆ పేరు రాసి ఉంది. నువ్వు ఎవరిచేతనైనా చదివించుకుంటావేమోనని...”

“క్యాన్సర్ అనేగా?”

ఎవరైనా విన్నారేమోనని వాడు తలుపు వైపు చూశాడు.

“నా పేగు కోసి తీశార్రా, నా మెదడు కాదు. చెప్పు తల్లీ, ఆ చీటీలో ఏముంది?”

ఎమ్నా కుర్చీ దగ్గరకు లాక్కుంది. “మీలాంటివాళ్లను చాలా దేశాల్లో ఏళ్లతరబడి గమనించారు పిన్నీ. ఆపరేషనూ మందూ అయ్యాక కొందరికి ఉత్త సలహాల పుస్తకం ఇచ్చారు. కొందరికి ఒక మనిషిని తోడిచ్చి మూడేళ్లు వ్యాయామం చేయించారు. చేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది, ఎక్కువమంది బతికారు. మీకేమవుతుందో నేను హామీ ఇవ్వలేను. కానీ ఇది షికారు కాదు, వైద్యం. వారానికి మూడు నాలుగుసార్లు, ముప్పావు గంట, వడివడిగా. మొదట పది నిమిషాలతో మొదలుపెట్టండి.”

రెండు నెలల వైద్యం చక్కెర కింద తీపెక్కుతూ కూర్చుందన్నమాట! 

ఇంటికి వచ్చేసరికి గదినిండా చుట్టాలు. ఆమె మంచం వైపు కన్నెత్తి చూడలేదు. తల నుంచి కాళ్లదాకా కప్పే తెల్ల సఫ్సారీ చుట్టుకుని, రవూఫ్ ఆటల బూట్లు తీసి తొడుక్కుంది. అవి రెండు వేళ్లు పెద్దవి. షెద్లియా గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఎక్కడికే? సిగ్గులేదూ? జబ్బు మనిషివి వీధిన పడితే మా తమ్ముడి పేరేం కావాలి?”

“నీ తమ్ముడు పోయి పదేళ్లయింది వదినా, ఆయన పేరుకు ఢోకా లేదు. నేనింకా పోలేదు, జరుగు.”

దలెండ నడిచింది. బూట్లు టపటపలాడుతున్నాయి. వెనకాల షెద్లియా చెప్పులీడ్చుకుంటూ, “ఆగవే, ఆగవే” అని పరుగు. కోటద్వారం దగ్గర బండి అడ్డంపెట్టిన నారింజల అతనితో దలెండ గట్టిగా అంది, “దారియ్యి నాయనా, నాకు క్యాన్సర్, నడవాలి.”

అతను బండి లాగాడు. “తెలుసు పిన్నీ. మీకే తెలియదని మేమంతా నోరు మూసుకున్నాం.”

ఊరంతా కలిసి కాపాడిన రహస్యం చూశారా! ఎవరి దగ్గర దాచారో ఆ దేవుడికే తెలియాలి.

గోడ నీడలో షెద్లియా రొప్పుతూ మెట్టు మీద కూలబడింది.  కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది, “నీకు మొదట... రక్తమే పడిందా?”

దలెండ చప్పున తిరిగి చూసింది. “నీకెన్నాళ్లనుంచి?”

“రంజాన్ ముందునుంచి. మొలలేమో అనుకున్నా.”

“ఏడు నెలలు! అది దాచుకుని, నా కాళ్ల దగ్గర కూర్చుని నాకు పరువు పాఠాలు చెప్పావా? లేవవే మహాతల్లీ, లే!”

చెయ్యి పట్టి లేవదీసింది. వాళ్లు ఇంటివైపు తిరగలేదు. దలెండ తన వంతు పది నిమిషాలూ నడవగానే టాక్సీ ఆపి, వదినగారిని తోసి కూర్చోబెట్టి, ఎమ్నా దగ్గరకే తీసుకుపోయింది. పరీక్ష చేస్తే షెద్లియా పేగులోనూ గడ్డే, కానీ ఇంకా చిన్నది. అది కోస్తే సరిపోయింది, మందు ఎక్కించే పని పడలేదు. రెండేళ్ల తరువాత చేసిన పరీక్షలో దలెండ కడుపు శుభ్రంగా ఉంది. మనవరాలిని బడికి తనే నడిపించుకు వెళ్తుంది. ఇప్పుడు వాళ్లిద్దరూ కోటగోడ చుట్టూ కలిసే తిరుగుతారు, పోట్లాడుకుంటూ.

ఇది మనసులో పెట్టుకోండమ్మా. మీ అక్కచెల్లెళ్లకూ, ముఖ్యంగా నోరు విప్పని మీ మగవాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఆ జబ్బు పేరు గట్టిగా పలికి మరీ చెప్పండి.