ఏడో ఫోను

"చచ్చిపోయినవాళ్ళ పేజీ అయిందా?" అని హాల్లోంచి మా ఆయన కేకేసేసరికి నేను వంటింట్లో మాడిన గిన్నె తోముతున్నాను. "అవుతోందండీ" అన్నాను. గిన్నె గురించి అన్నానో పేజీ గురించి అన్నానో నాకే తెలీదు. రెండూ ఒకలాంటివే. ఎంత తోమినా అడుగున ఇంకా ఏదో మిగిలే ఉంటుంది.

మా ఆయన కాలేజీలో చరిత్ర లెక్చరరు. ఏటా డిసెంబరులో ఆయన పేరు మీద ఒక పుస్తకం వస్తుంది. ఆ ఏడాది దేశంలో జరిగినవీ, పోయిన పెద్దవాళ్ళూ, అన్నీ తేదీలతో సహా. ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలకి అది లేనిదే గడవదు. అట్ట మీద ఆయన పేరు, లోపల ఆయన ఫోటో. ఫోటోలోని చొక్కా ఇస్త్రీ నాది. పుస్తకంలోని మిగతాది కూడా నాదే. రోజూ పేపర్లు కత్తిరించి నెలలవారీగా కవర్లలో వేసేదీ, తేదీలు సరిచూసేదీ, టైపు కొట్టేదీ నేనే. ఇరవయ్యారేళ్ళ నుంచీ ఇదే పని. పెళ్ళయిన కొత్తలో నేను చేస్తున్న లైబ్రరీ ఉద్యోగం మానిపించినప్పుడు ఆయన అన్న మాట, "ఇంట్లోనే కావలసినంత చదువు ఉంది కదా" అని. నిజమే, ఉంది. ఇంటికెవరైనా వస్తే, "మా ఆవిడ టైపింగులో కాస్త సాయం చేస్తుంది" అంటారు. ఆ 'కాస్త' అనే మాట దగ్గర టీ కప్పు నా చేతిలో ఒకసారి ఆగుతుంది. అంతే, మళ్ళీ కదులుతుంది.

ఈ ఏడాది మాత్రం మామూలుది కాదు. ఫిబ్రవరిలో ముసలి అధ్యక్షుడు పోయి వారం రోజులు జెండాలు సగానికి దిగాయి. అవి పూర్తిగా పైకి లేవకముందే దేశాన్నంతా నవ్వించిన హాస్యనటుడు పోయాడు. నదిమీద అంత పొడుగు వంతెన తెరిచిన రోజే రైలు సమ్మె మొదలైంది. ఎన్నికలు, ఉపగ్రహం, ఫుట్‌బాల్ కప్పు, కప్పు తెచ్చిన కెప్టెను మరణం. పెద్దవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఈ ఏడాదే వెళ్ళిపోయారు. పేజీకి నలభై లైన్లు, మనిషికి ఒక లైను. అది మా ఆయన పెట్టిన నియమం. డెబ్బై ఎనభై ఏళ్ళ బతుకుని ఒక లైనుకి కుదించడం చేతకాక మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు కూరగాయలు తరిగినంత చులాగ్గా తరుగుతాను.

పేపరులో పడిన తేదీని ఎప్పుడూ నమ్మను. వాళ్ళింటికి ఫోను చేసి అడుగుతాను. మధ్యాహ్నం గిన్నెలయ్యాక, మా అత్తగారు నడుం వాల్చాక, వరసపెట్టి చేస్తాను. "తేదీ అడుగు, పెట్టెయ్. కథలొద్దు" అంటారాయన. కానీ పోయినవాళ్ళ ఇంట్లో ఫోనెత్తేది ఎక్కువగా ఆడవాళ్ళే, తేదీ ఒక్కటే చెప్పి ఊరుకునే ఆడది నాకింకా తగల్లేదు. "చచ్చినవాళ్ళ గురించి గంటలు గంటలు మాట్లాడతావు, బతికున్న నాకు మందివ్వడానికి నీకు టైముండదు" అని మా అత్తగారు పక్క గదిలోంచి దెప్పుతుంది. మందు ఆవిడ తలగడ పక్కనే ఉంటుంది.

అక్టోబరు కవరులో అగ్గిపెట్టెంత ప్రకటన ఒకటి దొరికింది. రిటైర్డ్ ఓవర్సీరుగారి సతీమణి, టెలిఫోను ఎక్స్చేంజీలో పనిచేసి విరమించినవారు, స్వర్గస్థులయ్యారు అని. దాన్ని ఎందుకు కత్తిరించానో గుర్తు లేదు. వెనకవైపు వంతెన వార్త ఉంది, బహుశా దానికోసమే అయ్యుంటుంది. ప్రకటన కింద ఉన్న నంబరుకి చేశాను. కోడలు ఎత్తింది.

"తేదీ కరెక్టేనండీ" అంది. ఆగింది. "మీరు పుస్తకంలో వేస్తారా? మా అత్తగారిని?"

నేను ఏమీ అనకముందే చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ మహా చిరాకు మనిషట. ఫోను రెండోసారి మోగనిచ్చేది కాదట. స్నానాల గదిలో ఉన్నా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చేదట. "మాకు నవ్వొచ్చేదండీ. ఎవరో మహారాజు చేస్తున్నట్టు ఏమిటా కంగారు అని. పోయిన రోజు మాత్రం మా వీధి పట్టలేదు. బస్సులు మాట్లాడుకుని వచ్చారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు. పదకొండు ఊళ్ళవాళ్ళు."

ఇరవయ్యారేళ్ళ కిందట వాళ్ళ ఊరికి ఎగువన ఆనకట్ట తెగింది. తెల్లవారి ఏడున్నరకి కాపలావాడు ఎక్స్చేంజీకి ఫోను చేసి, గట్టు జారుతోంది అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఆ పూట డ్యూటీలో ఈవిడ ఒక్కతే ఉంది. ఒక్కో ఊరికి ఒక్కో ఫోను, ఏ దుకాణంలోనో పోస్టాఫీసులోనో. ఆవిడ కాగితం తీసుకుని, నీళ్ళు ముందు ఎక్కడికి చేరతాయో ఆ వరసలో ఊళ్ళు రాసుకుంది. ఒకటో ఊరు, రెండో ఊరు. మూడో ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు. దుకాణం ఇంకా తెరవలేదు. ఎత్తేదాకా మోగిస్తూనే ఉంది. దారిన పోయే ఆయన ఎవరో విసుక్కుంటూ కిటికీలోంచి చెయ్యిపెట్టి ఎత్తాడట. "గోల ఆపండమ్మా అందామని ఎత్తాను" అని, ఇప్పుడు ముసలివాడైన ఆయన, ఆవిడ పోయిన రోజు పక్కన కూర్చుని చెప్పుకుని ఏడ్చాడట.

"ఆ వరసలో మా ఊరు ఏడోదండీ" అంది కోడలు. "పల్లంలో ఉంటుంది, ఊరి ఫోను మా ఇంట్లోనే ఉండేది. మా ఆయనకి అప్పుడు అయిదేళ్ళు. వాళ్ళ నాన్నమ్మతో ఇంట్లో ఉన్నారు. మా అత్తగారు ఇంటికి ఏడోసారే చేసింది."

నా చేతిలో పెన్ను ఉంది, రాయలేదు.

"పదకొండూ అయ్యాక సాయంత్రం మావాళ్ళు తలదాచుకున్న చోటికొస్తే, మా మామగారు 'ఇదా వచ్చే వేళ' అన్నారట. చేతులు కడుక్కుని వంటకి దిగిందట. ఇక మా అత్తగారి అత్తగారైతే బతికినన్నాళ్ళూ దెప్పుతూనే ఉంది, కన్నకొడుకుని ఏడో నంబరు చేసిన మహాతల్లి అని. నేను కాపురానికొచ్చాక కూడా విన్నాను. మా ఇంట్లో ఆవిణ్ణి నొప్పించాలంటే వాడే మాట అది. మొదటి ఆరు నంబర్లవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడితేగానీ మాకు తెలీలేదండీ, ఏడు అంటే ఏమిటో."

ఫోను పెట్టేశాను. తర్వాత లేచి, అల్మరాలోంచి మా మొదటి పుస్తకం తీశాను. అది నా మొదటి టైపింగు. అందులో ఉంది ఆ లైను. ఆనకట్ట తెగి పదకొండు గ్రామాలు నీట మునిగాయి, ప్రాణనష్టం లేదు. నేనే కొట్టాను. లేదు అని కొట్టి, చుక్క పెట్టి, కింది లైనుకి వెళ్ళిపోయాను. పదకొండు ఊళ్ళు మునిగితే ఒక్క ప్రాణమూ ఎందుకు పోలేదు అని ఆ రోజు నాకు ఒక్క క్షణమైనా తోచలేదు. చదివిన వేలమంది పిల్లలకీ తోచలేదు. ఎవరో ఒకరు చచ్చి ఉంటే సంఖ్య ఉండేది, విచారణ సంఘం ఉండేది, సంఘం అధ్యక్షుడి పేరు ఉండేది, ఆ పేరు పరీక్షలో అడిగేవాళ్ళు. ఏమీ కాకుండా చూసిన మనిషికి చోటెక్కడుంది? నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. పాలు పొంగిపోయిన రోజు అందరికీ గుర్తుంటుంది. పొంగని తొమ్మిదివేల రోజులు ఎవరికి గుర్తు? అయినా ఆవిడ ముందు నా పాలగిన్నె ఏపాటిది! ఆ కుర్చీని ఊహించుకోబోయాను. చెవులకి హెడ్‌ఫోను బరువు, ఎదురుగా నంబర్లు, ఏ తీగ తన ఇంటిదో చేతికి తెలుసు. మూడో ఊళ్ళో ఎవరూ ఎత్తడం లేదు. ఈలోగా ఒక్క నిమిషం ఇంటికి చేసుకుంటే ఎవరు తప్పుపడతారు? నేనైతే చేసేదాన్ని. కళ్ళు మూసుకుని చేసేదాన్ని. చెయ్యనిదాన్ని తిట్టేదాన్ని కూడా. ఆవిడ చెయ్యలేదు. ఇద్దరు అధ్యక్షులకీ ముగ్గురు సేనాపతులకీ లైన్లు రాసిన దాన్ని, నా ఒళ్ళు ఎవరికీ ఇలా జలదరించలేదు. కాళ్ళకి దణ్ణం పెడదామంటే మనిషి లేదు. కంటికి కనిపించేది ఆ అగ్గిపెట్టెంత కాగితమే, అందులోనూ ముందు ఓవర్సీరుగారే.

భోజనాల దగ్గర ప్రూఫు చూస్తూ మా ఆయన వేలు ఆపారు. "ఎవరీవిడ?"

చెప్పాను. అంతా చెప్పాను. ఆయన మజ్జిగ తాగుతూ విన్నారు.

"బాగుంది. పరీక్షలో అడుగుతారా?"

"అడగాలండీ."

"అడగాలి వేరు, అడుగుతారు వేరు. ఈవిడ లైను తీసేసి ఉపమంత్రిగారిని పెట్టు. మా ప్రిన్సిపాలుగారి వియ్యంకుడు. ప్రిన్సిపాలుగారు నన్ను రెండుసార్లు అడిగారు." తర్వాత నవ్వారు. "నువ్వు ఇలా మెత్తబడతావనే నిన్ను టైపింగు వరకే ఉంచాను."

ఆయన చెయ్యి కడుక్కోడానికి వెళ్ళాక మా అత్తగారు, ఇంతసేపూ మెదలకుండా తింటున్న మనిషి, "కన్నబిడ్డకి ఏడోసారా? అదేం గుండె తల్లీ" అంది. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. ఆవిడ కంచంలోకే చూస్తూ, "మొదటి ఆరిట్లో ఎంతమంది పిల్లలుండి ఉంటారో" అంది. ఆ పూట మందు కూడా అడక్కుండా వేసుకుంది.

మర్నాడు పొద్దున ఆయన కాలేజీకి వెళుతూ, "ప్రెస్సు మనిషి పన్నెండింటికి వస్తాడు, ఇచ్చెయ్" అన్నారు. పన్నెండుదాకా ఆగలేదు. ఉపమంత్రిగారి లైను చేర్చి, ఫోనావిడ లైను మాత్రం తీయని పేజీలు సంచీలో పెట్టుకుని, "మీరు పెట్టుకు తినండి అత్తయ్యా, ఆలస్యమవుతుంది" అని చెప్పి బయల్దేరాను. ఇరవయ్యారు పుస్తకాలు అచ్చయిన ఆ ప్రెస్సు ఎలా ఉంటుందో నాకు తెలీదు. పాత గోదాములా ఉంది. లోపల కాగితాల కట్టలు, సిరా వాసన, గోడవతల యంత్రం దడదడ. పేజీలు సరిచేసే ఆయన నా ఈడు మనిషి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని లెక్కపెట్టాడు.

"నలభై రెండయ్యాయి మేడమ్. ఇక్కడ ఒకావిడకి రెండు లైన్లు పడ్డాయి. ఇంకో లైను కూడా ఎక్కువుంది. రెండు పోవాలి."

"ఉపమంత్రిగారిని తీసెయ్యండి. ఆయన ఎలాగూ పోయారు."

ఆయన నవ్వాడు. "సరే, ఒకటైంది. ఇంకొకటి? ఈవిడది ఒక లైనుకి కుదించండి."

"మీరే కుదించి పెట్టండి" అని పేజీ ఆయన ముందుకు జరిపాను.

కళ్ళజోడు దించుకుని చదివాడు. టెలిఫోను ఆపరేటరు, ఆనకట్ట తెగిన రోజు నీళ్ళ వరసలో పదకొండు ఊళ్ళకి ఫోను చేసి అందరినీ గట్టెక్కించారు, కొడుకు ఉన్న సొంత ఇంటికి వరస తప్పకుండా ఏడోసారి చేశారు. ఓవర్సీరుగారు అందులో లేరు. ఆయన పెన్సిలు 'వరస తప్పకుండా' దగ్గర ఆగింది, వెనక్కి వెళ్ళింది, 'కొడుకు ఉన్న' దగ్గర ఆగింది. మళ్ళీ మొదట్నించీ చదివాడు. లేచి వెళ్ళి అవతలి గదిలో ఎవరికో ఏదో చెప్పాడు. యంత్రం ఆగింది. తిరిగొచ్చి, "పేజీ కింద అంచు కొంచెం తగ్గిస్తాను. ఒక లైను పడుతుంది" అన్నాడు. నన్ను చూడకుండా అన్నాడు.

పెన్సిలు చెవిమీద పెట్టుకుని, అచ్చుకి పంపే కాగితం నా ముందు పరిచాడు. "ఇక్కడ సంపాదకుల సంతకం కావాలి మేడమ్. ఎప్పుడూ సారే పెడతారు. ఇన్ని మార్చాం కదా, ఓసారి సార్‌ని అడగక్కర్లేదా?"

నేను పెన్ను మూత తీశాను.

"సారే నన్నడుగుతారండీ. ఇరవయ్యారేళ్ళుగా."