మూడువందల దెబ్బలు

గడ్డి చెప్పులు అల్లడం నేర్పమని నెగిషి మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. రెండుసార్లు తలుపు తీయలేదు. మూడోసారి వానలో నిలబడ్డాడు. తీయక తప్పలేదు.

నెగిషి భూముల రికార్డుల ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక మా ఊళ్లో ఒక సంఘం పెట్టాడు. ఏటా ఆకులు ఎర్రబడే రోజుల్లో, నాలుగువందల యాభై ఏళ్ల కిందటి, సమురాయ్‌ల కాలపు సిపాయిల్లా కవచాలు తొడుక్కుని, నది గట్టు నుంచి కోట గుట్ట మీది గుడి దాకా నడుస్తారు. కవచాలు వాళ్లే అట్టముక్కలతో చేసి, తాళ్లతో కుట్టి, నల్లరంగు పూస్తారు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటాయి. కిందటేడు అంగట్లో కొన్న గడ్డి చెప్పులతో రెండువందల పన్నెండు మెట్లు ఎక్కబోయారు. నూరో మెట్టుకే సగంమందివి తెగాయి. నెగిషి బోర్లా పడ్డాడు. అందుకని ఈ ఏడు ఎవరి చెప్పులు వాళ్లే అల్లుకోవాలని రూలు పెట్టాడు. రూలంటే అతనికి ప్రాణం.

నేను ఒప్పుకున్నది అతని కోసం కాదు. నా దగ్గర ఒక చెక్క సుత్తి, ఒక రాయి ఉన్నాయి. గడ్డి కొట్టేవి. మా మేనమామవి. తొమ్మిదో ఏట బడి మాని ఆ రాతి ముందు కూర్చున్నాను. ఈ వసంతంలో నా కుడి బొటనవేలు వంగడం మానేసింది. సంగతి తెలిసి మ్యూజియం వాడు సుత్తి ఇమ్మని తిరుగుతున్నాడు. అద్దాల పెట్టెలో పెట్టి కింద చీటీ అంటిస్తాడట. కొట్టని సుత్తి ఏం సుత్తి? నది నుంచి గుడికి, గుడి నుంచి నదికి తెగకుండా నడిచే జత ఒక్కళ్లు అల్లినా సుత్తి వాళ్లకిస్తాను, లేకపోతే మ్యూజియం వాడికే అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

మొదటి ఆదివారం ఊరి సమావేశాల హాల్లో పద్నాలుగుమంది కూర్చున్నారు. నెగిషి నోటుబుక్కు తెరిచాడు.

"గురువుగారూ, ముందు మీ వీరనామం రాసుకోవాలండీ."

"నా పేరు ఇవాకిచి."

"అది మామూలు పేరు కదండీ. మా సంఘంలో ప్రతివాళ్లకీ పాతకాలపు వీరుడి పేరొకటి ఉంటుంది."

"నాకు ఒకటి చాలు."

ఏదో రాసుకున్నాడు. నేను కట్ట విప్పాను.

"గడ్డి తడిపి కొట్టాలి."

"ఎన్ని దెబ్బలండీ?"

"మెత్తబడేదాకా."

"అంటే, ఎన్ని?"

"మూడువందలు," అన్నాను. నోటికొచ్చిన అంకె అది. అదీ రాసుకున్నాడు.

తలా ఒక కట్ట, కొట్టడానికి ఒక దుడ్డుకర్ర ఇచ్చాను. సాయె అనే ఆమెకు బజారులో బేకరీ ఉంది. నలభై దెబ్బలు కొట్టి, ఫోను తీసి, కొడుతున్నట్టు ఫొటో తీయించుకుని, నా పక్కకు వచ్చి కూర్చుంది. చేతిలో క్రీమ్ బన్నుల డబ్బా.

"ఆ కాలంలో క్రీమ్ బన్నులు లేవు," అన్నాడు నెగిషి.

"ఆ కాలంలో ఆకలి ఉంది కదా!" అంది సాయె. నావైపు తిరిగింది. "తాతా, తాడు ఈ వైపే ఎందుకు పేనాలి? ఆ వైపు పేనితే ఏమవుతుంది?"

"ఊడిపోతుంది."

"మీరెప్పుడైనా పేని చూశారా?"

"లేదు."

"మరెలా తెలుసు?"

నేను బన్ను తిన్నాను. నోట్లో ఏదైనా ఉంటే జవాబు చెప్పక్కర్లేదు.

టాక్సీ నడిపే ముతో కట్ట పట్టుకుని బయటికి వెళ్లాడు. టీ చల్లారకముందే తిరిగొచ్చాడు.

"అయిపోయింది గురువుగారూ! చూడండి, ఎంత మెత్తగా ఉందో!"

గడ్డి అప్పడంలా అణిగి, నిలువునా చీలి ఉంది. దాని మీద టైరు అచ్చులు.

"టాక్సీ ఎక్కించావా?"

"నాలుగుసార్లండీ. ముందుకి రెండు, వెనక్కి రెండు."

"పొయ్యిలో పెట్టుకో."

"ఆ కాలంలో టాక్సీలు లేవు ముతో గారూ. నాలుగో రూలు చదవలేదా?" అన్నాడు నెగిషి.

"ఆ కాలంలో నడుంనొప్పి బెల్టులున్నాయా?" అంటూ ముతో అతని చొక్కా వెనక వేలు పెట్టి బెల్టు సాగదీసి వదిలాడు. టప్పుమంది. అందరూ నవ్వారు. అరగంట పోయింది.

రెండో ఆదివారం అల్లకం మొదలుపెట్టాం. కాళ్లు చాపి కూర్చుని, తాడు రెండు కాళ్ల బొటనవేళ్లకు తగిలించి, ఒళ్లోకి లాక్కుంటూ అల్లాలి. కుర్చీల్లో బతికిన మనుషులు. హాలంతా మూలుగులే. వాటికంటే ఎక్కువగా నన్ను విసిగించింది ఇంకొకటి. అందరూ న్యూస్‌పేపర్ మీద పాదం పెట్టి, చుట్టూ గీత గీసుకుని, సరిగ్గా ఆ పొడుగుకి అల్లడం మొదలుపెట్టారు.

"పొట్టిగా అల్లండి," అన్నాను.

"ఎంత పొట్టిగానండీ?" అన్నాడు నెగిషి.

"వేళ్లు బయటికి రావాలి."

"అయ్యో తాతా, గడ్డి చాలలేదా?" అంది సాయె. "మా అన్నయ్య పొలంలో బోలెడుంది, రేపే తెప్పిస్తాను!"

"వేళ్లు బయట ఉంటే రాళ్లు తగలవాండీ? పొట్టిగా ఉండడానికి కారణం ఏమిటి?" నెగిషి కలం పట్టుకుని నాకేసి చూస్తున్నాడు.

"అల్లు," అన్నాను.

నేను చూస్తున్నంతసేపూ పొట్టిగా అల్లేవాళ్లు. అటు తిరగ్గానే ఇంకో నాలుగు వరసలు. నేను విప్పేవాణ్ని, వాళ్లు అల్లేవాళ్లు. ఆరు ఆదివారాలూ అదే తంతు. నాలుగో ఆదివారం తర్వాత నెగిషి ఒక మోపు గడ్డి ఇంటికి పట్టుకుపోయాడు. అతని ఇల్లు మాకు రెండు సందుల అవతల. ఆ మర్నాటి నుంచీ సాయంత్రం పూట అటునుంచి దబ్‌దబ్‌మని చప్పుడు. ఎవరో పరుపు దులుపుతున్నారనుకున్నాను.

ఊరేగింపు రోజు నూరో మెట్టు పక్కన ఒక రాతి మీద కూర్చున్నాను. ముందురోజు చినుకులు పడి మెట్లు తడిగా ఉన్నాయి. కొమ్ముబూర ఊదారు. జెండాలు పైకి వస్తున్నాయి. అరవయ్యో మెట్టు దగ్గరే ముతో చెప్పు కొస మెట్టు అంచుకు తట్టుకుంది. చేప నోరులా తెరుచుకుంది. వెనకవాడు దాన్ని తొక్కాడు. ఇద్దరూ కూలబడ్డారు. పక్కన ఇంకొకామె చెప్పు పట్టుకుని మెట్టు మీదే కూర్చుంది. ఒక్కొక్కరే ఆగిపోతున్నారు. మెట్లనిండా గడ్డి.

సాయె నా దాకా వచ్చింది, ఒట్టి కాళ్లతో. చెప్పులు కత్తి పక్కన దోపుకుంది.

"తెగలేదు తాతా, కాసేపు పడుకున్నాయి," అని పైకి పోయింది.

నా కళ్ల ముందు మ్యూజియం వాడి అద్దాల పెట్టె మెదిలింది. లేచి పోదామనుకున్నాను. అప్పుడు నెగిషి వచ్చాడు. బెల్టు బిగించి, ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కుతున్నాడు. చూపు అతని కాళ్ల మీద పడింది. చెప్పులు పొట్టిగా ఉన్నాయి. బయటికి వచ్చిన వేళ్లు మెట్టు అంచుని పట్టుకుంటున్నాయి. నన్ను దాటి పోయాడు. గుడికి వెళ్లాడు. దిగి వచ్చాడు. నేను వెనకే నది దాకా నడిచాను.

"కూర్చో. కాలు చూపించు."

చెప్పు అడుగు అరిగింది. తాడు ఒక్కటీ తెగలేదు.

"ఎన్ని దెబ్బలు కొట్టావు?"

"మూడువందలండీ. ప్రతి కట్టకీ. ఒకసారి రెండువందల తొంభై దగ్గర ఫోనొచ్చింది. లెక్క తప్పానేమోనని మళ్లీ మొదటినుంచీ కొట్టాను."

"దేంతో?"

మొహం ఎర్రబడింది. "బేస్‌బాల్ బ్యాటుతోనండీ. దయచేసి ముతోకి చెప్పకండి."

"పొట్టిగా ఎందుకల్లావు?"

"మీరు చెప్పారు కదా. కారణం మాత్రం నేనే వెతుక్కోవలసి వచ్చింది. పాతకాలపు బొమ్మల్లో చూశానండీ, సిపాయిలందరికీ వేళ్లు బయటే ఉన్నాయి. కొస పొడుగైతే మెట్టుకు తట్టుకుంటుంది, వేళ్లకు పట్టు దొరకదు. కాగితం మీద రాసి అందరికీ పంచాను. నా కాగితాలు ఎవరూ చదవరు. మీ నోటితో చెప్పి ఉంటే వినేవాళ్లు."

"చెప్పాను."

"పొట్టిగా అల్లమన్నారండీ. ఎందుకో చెప్పలేదు."

మా మేనమామ కూడా చెప్పలేదు. పదేళ్లప్పుడు పొడుగు జత వేసుకుని ఆ గుడి మెట్ల మీదే పడ్డాక నాకు తెలిసింది.

పద్నాలుగుమందిలో ఇతనా అనిపించింది. ఇంకెవరివైనా మిగిలాయేమోనని గట్టంతా తిరిగి చూశాను. లేవు.

మర్నాడు పొద్దున్న అతన్ని పిలిచి సుత్తి ఇచ్చాను. వంగి, రెండు చేతులతో అందుకున్నాడు. బాగుందనుకున్నాను. ఇంతలో జేబులోంచి టేపు తీసి పిడి కొలిచాడు.

"ఎంత ఎత్తు లేపాలండీ? ఎప్పటిదో చీటీ మీద రాసి అంటించనా?"

"చీటీ అంటిస్తే లాక్కుంటాను."

రాతి ముందు కూర్చుని గడ్డి మీద ఒక దెబ్బ వేశాడు. "ఒకటి," అన్నాడు పైకే.

"లెక్కపెట్టకు."

"మరి ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందండీ?"

నాకు ఒళ్లు మండింది. కానీ పక్కన కూర్చున్నాను. గడ్డి అతని చేతిలో పెట్టి, చెవి దగ్గర నలపమన్నాను. కరకరమంటే ఇంకా కొట్టాలని, చప్పుడు ఆగితే సరిపోయిందని చెప్పాను. ఎందుకు అన్నాడు. అదీ చెప్పాను. దాని మీద ఇంకో ఎందుకు. మధ్యాహ్నమయ్యేసరికి నా గొంతు బొంగురుపోయింది. నోటుబుక్కులో పదకొండు పేజీలు నిండాయి.

"రేపు ఎన్నింటికి రమ్మంటారండీ?"

"ఎనిమిదింటికి."

ఏడున్నరకే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పక్కన సాయె, చేతిలో బన్నుల డబ్బాతో.

"తాతా, ఆ కరకర ఏ చెవితో వినాలి?" అంది.